కూర్చోమనే ఇల్లు

జూన్ 4, ఆదివారం

వాన. చర్చిలో పాట సగంలో ఉండగా రేకుల మీద చప్పుడుకి మా గొంతులు మాకే వినపడలేదు. దేవుడికి వినపడే ఉంటాయి.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అల్లుడు నిరుపమ్ మెల్లగా చెప్పాడు. జోర్‌హాట్‌కు, వాళ్ళ ఊరికి, ట్రాన్స్‌ఫర్ అడిగాడట. ఇస్తామన్నారట. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలట. నా కూతురు బన్రి తినడం ఆపేసింది. తను వెళ్ళడానికి వీల్లేదు, ఆ సంగతి అతనికీ తెలుసు. ఈ కొండల్లో మావాళ్ళలో కడగొట్టు కూతురు ఇల్లు వదలదు. నా తరవాత ఈ పొయ్యి, ఈ గోడలు, వచ్చే పోయే చుట్టాలు అన్నీ తనవే. వెళ్తే అతనొక్కడే వెళ్ళాలి. ఒక్కడే వెళ్ళిన మగవాడు ఎన్నాళ్ళకు తిరిగొస్తాడు?

నాకేమీ తోచక అతని పళ్ళెంలో ఇంకో చేపముక్క వేశాను. పెద్దది.

జూన్ 7, బుధవారం

పాస్టరుగారి భార్య చెబితే మిస్ పుయీ దగ్గరికి వెళ్ళాం. కాపురాలకు కౌన్సెలింగ్ చేస్తుంది. మిజో అమ్మాయి. ఉన్ని బట్టల కొట్టు పైన గది. ఆమె హిందీ, నా హిందీ రెండూ కుంటివే, ఒకదాన్నొకటి పట్టుకుని నడిచాయి. ఇంట్లోవాళ్ళంతా రావాలంది కాబట్టి నేను వెళ్ళాను. మేనమామ లేకుండా మాలో ఏ మాటా తెగదు కాబట్టి మా అన్నయ్య స్టెర్లింగ్ కూడా వచ్చాడు, నీళ్ళు కారే గొడుగుతో.

ఇంటికి పెద్ద ఎవరంటే అందరం అన్నయ్య వైపు చూశాం. ఈయన ఆ ఇంట్లోనే ఉంటారా అని ఆమె అడిగింది. లేదు, తన భార్య ఇంట్లో, మౌలైలో ఉంటాడు. ఆమె ఏదో రాసుకుంది. నిరుపమ్ కిటికీ వైపు చూశాడు.

తరవాత నన్ను అడిగింది, అల్లుడి మీద పెత్తనం చేస్తారా అని. మా అమ్మ పిల్లిని కూడా అడిగి గానీ పక్కకు జరపదు అంది బన్రి. ఆరేళ్ళలో అతనికి ఒక్క పని చెప్పలేదు నేను. మొదటి టీ అతనికే. పొయ్యి పక్కన వెచ్చని కుర్చీ అతనిదే. పరాయివాళ్ళ బిడ్డ అంటాం మేము, ఇంటికొచ్చిన అల్లుణ్ణి. పరాయివాళ్ళ బిడ్డను కష్టపెడతామా?

జూన్ 9

మబ్బు వంటింట్లోకి వచ్చింది. నిరుపమ్ కిటికీ మూయబోయి ఆగాడు. మూయమంటారా అని నన్ను అడిగాడు.

జూన్ 14, బుధవారం

ఈ రోజు మిస్ పుయీ మమ్మల్ని లేచి నిలబడమంది. నిరుపమ్‌తో, మీ ఇల్లు మీకు ఎలా అనిపిస్తుందో అలా వీళ్ళను గదిలో నిలబెట్టండి అంది. మాటలొద్దంది.

అతను నన్ను భుజాలు పట్టుకుని గది మధ్యకు తెచ్చాడు. అతని చేతులు నా మీద పడటం అదే మొదలు. బన్రిని నా వెనక నిలబెట్టి, ఆమె చెయ్యి తీసి నా భుజం మీద వేశాడు. వాళ్ళ పాప బదులు నా చేతుల్లో ఒక దిండు పెట్టాడు. అన్నయ్యను ఎదురుగా నిలబెట్టాడు, వేలు చూపిస్తున్నట్టు. అన్నయ్య నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు.

నిరుపమ్ గుమ్మం దాకా వెళ్ళాడు. షూస్ వేసుకున్నాడు. లేసులు కట్టుకున్నాడు. గడప అవతల నిలబడ్డాడు.

అక్కడేం చేస్తున్నారని ఆమె అడిగింది.

"టీ తాగుతున్నాను" అన్నాడు. "వెళ్ళిపొమ్మని ఎవరూ అనరండీ. కూర్చోమనే అంటారు. ఆరేళ్ళుగా కూర్చోమనే అంటున్నారు" అన్నాడు.

వచ్చేటప్పుడు టాక్సీలో బన్రి అతని చెయ్యి పట్టుకుంది. అతను పట్టుకోనిచ్చాడు, అంతే.

జూన్ 15

తెల్లవారుజామున కల. ఇల్లంతా మబ్బు. మా అమ్మ పీట మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది, ముక్క పడ్డప్పుడల్లా చిన్న గంట మోగినట్టుంది. గేటు దగ్గర మా ఆయన, పోయిననాటి కోటుతోనే. లోపలికి రండి అంటాను. కట్టెలు తెమ్మని ఎవరైనా అంటే వస్తాను అంటాడు. అనడానికి నోరు తెరుస్తాను. నోట్లోంచి మబ్బు వస్తుంది.

లేచాక గుర్తొచ్చింది. ఆయన ప్రతి ఆదివారం వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళేవాడు. మేనల్లుళ్ళను తిట్టి తిట్టి గొంతు బొంగురుపోయి వచ్చేవాడు. మా ఇంట్లో మాత్రం నెమ్మది. అది ఆయన స్వభావం అనుకున్నాను.

జూన్ 18, ఆదివారం

అన్నయ్య వచ్చాడు. వదిన వాళ్ళింట్లో నువ్వెలా ఉంటావని అడిగాను. వక్క బుగ్గన పెట్టుకుని నవ్వాడు.

"అక్కడ నేను పిల్లినే చెల్లీ. ఇక్కడికొచ్చి పులినవుతాను. పాపం ఆ అబ్బాయి ఎక్కడికెళ్ళి అరవాలి? వాళ్ళలో చెల్లెలిల్లు చెల్లెలి మొగుడిది. ఉన్న ఒక్క ఇల్లూ మనదే. ఇక్కడేమో నువ్వు కుర్చీ వేస్తావు."

చెప్పి, పప్పులో ఉప్పు ఎక్కువైందని పులిలా అరిచి వెళ్ళాడు.

జూన్ 21

నిరుపమ్ నుంచి మీకేం కావాలని మిస్ పుయీ ఒక్కొక్కరినీ అడిగింది. బన్రి, ఉండిపోవాలి అని ఏడ్చింది. నా వంతు వచ్చింది. ఏమీ వద్దు, చల్లగా ఉంటే చాలు అన్నాను. మళ్ళీ కూర్చోమన్నానని అతను నవ్వాడు. ఆ నవ్వు చూసి ప్రార్థన కూడా గుర్తు రాలేదు నాకు.

జూన్ 24

ఇంట్లో ఎవరూ లేనప్పుడు వంటింట్లో నిలబడి అల్లుణ్ణి తిట్టి చూశాను. గొంతు పెగల్లేదు. పిల్లి జాలిగా చూసింది.

ప్రభువా, కొంచెం కోపం ఇవ్వు.

జూన్ 27

పొద్దున పాప మంచం మీద నీళ్ళు. రేకు లేచిపోయింది. ఎప్పుడూ మౌలైకి ఫోన్ చేస్తాను, అన్నయ్య గంటకో రెండు గంటలకో వస్తాడు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. నిరుపమ్ టీ కప్పుతో వచ్చి చూసి, నిలబడ్డాడు. అతని కాళ్ళు నిచ్చెన వైపు తిరిగి ఉన్నాయి. అతను మాత్రం నా మొహం చూస్తున్నాడు.

"తాగింది చాల్లే. నిచ్చెన పట్రా" అన్నాను.

నా గొంతేనా అనుకున్నాను. బన్రి చేతిలో బకెట్ జారింది. అతను కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక పాప చేతికిచ్చాడు. నా నోరిక ఆగలేదు. ఆ షూస్‌తో ఎక్కితే జారి నడుం విరగ్గొట్టుకుంటావు, విప్పు అన్నాను. ఆ మేకు కాదు, టోపీ ఉన్నది అన్నాను. అన్నీ నేనే చెప్పాలా అన్నాను. పైనంతా మబ్బు, అతని పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి, తడిసి, ఎర్రగా.

మబ్బులోంచి అతని గొంతు వచ్చింది. మెయ్, అమ్మా, అని మెల్లగా పిలిచే మనిషికి ఇంత పెద్ద గొంతుందని నాకు తెలియదు.

"కింద నుంచి ఊరికే అరవకండి మెయ్! మేకులందించండి!"

అందించాను.

జూన్ 30

ఆఫీసుకు ఏం చెప్పాడో నేను అడగలేదు. వానలు తగ్గాక రేకులన్నీ మార్చాలి, ఇలా అతుకులేస్తే లాభం లేదు, మీ అన్నయ్య పనంతా ఇంతే అన్నాడు.

జూలై 2, ఆదివారం

టీ నేను తాగాను. బన్రి తాగింది. మిగిలింది అతనికి, అంచు విరిగిన కప్పులో. చక్కెర చాల్లేదన్నాడు. లేచి వేసుకో అన్నాను. డబ్బా ఎక్కడుంటుందో అతనికి తెలియదు. ఒక్కో తలుపూ తెరిచి వెతుకుతున్నాడు, గిన్నెలు మోగుతున్నాయి. కళ్ళు మూసుకుని విన్నాను. ఎక్కడుందో చెప్పలేదు.