ఖాళీగా రాని ఉయ్యాల

పెనుబల్లి,
2003 జూన్ 20

ప్రియమైన బావా,

నేను బాగున్నాను. కాళ్ళ వాపు తగ్గింది. లోపలున్న బిడ్డే నన్ను నిద్రపోనివ్వదు, తన్నులే తన్నులు. అచ్చం నీ మొండితనం.

ఒక్క మాట విను. బిడ్డను ఎత్తుకుని నేను మన గడప దాటేదాకా క్వార్టర్లో ఏమీ కొనిపెట్టొద్దు. చిన్న టోపీ కూడా వద్దు. మూడేళ్ళ కిందట నాన్న తన చేత్తో టేకు ఉయ్యాల చేసి, అంచున తీగ చెక్కి పంపితే, నేను బిడ్డను పోగొట్టుకుని ఒట్టి చేతులతో మన గదిలోకి వచ్చాను. అది ఖాళీగా వేలాడుతుంటే చూశాను. ఇంకోసారి చూడలేను. ఇప్పుడు మళ్ళీ ఉలి తీస్తానంటే నాన్నను కూడా వద్దన్నాను. ఆయన వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

నీ తబిత

~

మణుగూరు,
జూన్ 27

నా తబితకు,

నీ మాట దాటను. గదికి సున్నం వేయించాను, అంతే. మేకు కూడా కొట్టలేదు. నిన్న షిఫ్టు దిగి బజారుకి వెళ్తే కొట్లో పిల్లల దోమతెర గొడుగులా తెరిచి పెట్టారు. కాసేపు చూసి, ఉల్లిపాయలు కొనుక్కుని వచ్చాను. నవ్వుకో.

పాత ఉయ్యాల ఇంట్లో లేదు. "నా కంట పడొద్దు" అని నువ్వన్న సాయంత్రమే మంగీలాల్ దాన్ని తన తండాకి తీసుకెళ్ళాడు. గనిలో ఇద్దరం ఒకే డంపర్ మీద షిఫ్టులు మారుతుంటాం గానీ, అదేమైందని నేనెప్పుడూ అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

రోజూ డ్యూటీకి వెళ్ళేముందు ఆ గదిలో నిలబడి ప్రార్థన చేసుకుంటున్నాను.

నీ బెన్నీ

~

పెనుబల్లి,
సెప్టెంబర్ 24

బావా,

ఈసారి ప్రియమైన అని రాయబుద్ధి కావడం లేదు.

పోయిన నెల నువ్వు వచ్చి చూసి వెళ్ళాక పాప ఇంకా ఒళ్ళు చేసింది. ఆవలిస్తే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఇంత చిన్న నోటికి ఆవలింత ఎవరు నేర్పారు? పొద్దంతా దాని ముఖం చూస్తూ కూర్చుంటాను. అయినా భయం పోలేదు. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటున్నాను.

నిన్న తమ్ముడు ప్రభు మణుగూరు నుంచి వచ్చాడు. "అక్కా, బావ డ్యూటీకి పోయిండు, తాళమేసుంది. కిటికీలకెళ్లి చూసిన. గది నిండ పిల్లల సామాన్లే. అద్దాల గుడ్డ కప్పిన ఉయ్యాల గూడ ఉంది" అన్నాడు. బిడ్డ ఇంటికి రాకముందే ఖాళీ ఉయ్యాల వేలాడదీశావా? నాకిచ్చిన మాట ఏమైంది? మూడో నెలలో వస్తానన్నాను కదా, అది తీసేదాకా నేను పాపను తీసుకుని రాను.

తబిత

~

మణుగూరు,
సెప్టెంబర్ 29

ప్రియమైన తబితకు,

నేను ఏమీ కొనలేదు. జరిగింది రాస్తాను.

ప్రభు వచ్చి వెళ్ళడానికి ముందటి ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మన వాకిట్లో ట్రాక్టర్ ఆగి ఉంది. మంగీలాల్, అతని భార్య జమ్లి, తండా ఆడవాళ్ళు. మధ్యలో మామయ్య చేసిన ఉయ్యాల. నువ్వొస్తున్నావని షిఫ్టు మారేటప్పుడు మంగీలాల్‌తో అన్నానులే.

ఆనాడు అతను దాన్ని ఇంటికి మోసుకెళ్తే, జమ్లి తన చంటిదాన్ని అందులో పడుకోబెట్టిందట. ఆ పిల్ల నడక నేర్చాక హేమ్లి ఇంటికి, అక్కడి నుంచి లాలి ఇంటికి, అలా తండాలో ఏ ఇంట బిడ్డ పుడితే ఆ ఇంటికి. పక్కింటి గిన్నెను మనం ఖాళీగా తిప్పి పంపం కదా? వాళ్ళు ఉయ్యాలనూ అలాగే పంపలేదు. తన ఇల్లు దాటించేటప్పుడు ప్రతి తల్లీ అందులో ఏదో ఒకటి పెట్టింది. పాత చీరల బొంత, గవ్వల దండ, చెవుల టోపీ, ఉగ్గు గిన్నె, సాంబ్రాణి పొగకు మట్టి మూకుడు, ఉతికి ఉతికి మెత్తబడ్డ చొక్కాలు. ఉయ్యాలలో పట్టనివి మూటలు కట్టారు. ఆ అద్దాల గుడ్డ హేమ్లి కుట్టింది.

"అన్నా, గిది మీ బిడ్డ ఉయ్యాలే. గిన్ని దినాలు మేం కాపలా కాసినం, గంతే. వదినకు చెప్పు, ఒక్క దినం గూడ ఖాళీగ ఉంచలే" అంది జమ్లి.

మామయ్య చెక్కిన తీగ మీద వేలు పెట్టి చూశాను. అంచు పొడవునా పాలపళ్ళ గాట్లు, తబితా! ఎందరు పిల్లలు పట్టుకుని కొరికారో! మనం ఏడ్చి బయటికి పంపింది అడవి పక్కన ఇన్నాళ్ళూ పిల్లల్ని నిద్రపుచ్చుతూనే ఉంది. వాళ్ళు దాన్ని ఆ గదిలో వేలాడదీసి వెళ్ళాక అక్కడే మోకరించి ప్రార్థన చేసుకున్నాను.

నువ్వు తీసెయ్యమంటే ఇప్పటికైనా తీసేస్తాను.

నీ బెన్నీ

~

పెనుబల్లి,
అక్టోబర్ 4

ప్రియమైన బావా,

నీ ఉత్తరం నాన్నకు చదివి వినిపించాను. పాలపళ్ళ దగ్గరికి రాగానే మళ్ళీ చదవమన్నాడు. ఆ తర్వాత ఇంకోసారి. "ఆ గాట్లు గీకి నున్నగ చెయ్యొద్దని అల్లుడికి రాయమ్మా" అన్నాడు. ఇప్పుడు అటక మీది ఉలి దింపి సాన పట్టుకుంటున్నాడు. పాపకు నడకబండి చేస్తాడట. ఈసారి నేను వద్దనలేదు.

పాపకు కూడా అంతా చెప్పాను. విని ఆవలించింది.

పన్నెండో తేదీ ఆదివారం బస్సుకు వస్తున్నాం. ఉయ్యాల తియ్యొద్దు. కానీ మేం వచ్చే వేళకి అది ఖాళీగా ఉండొద్దు. తండాలో చంటిబిడ్డ ఉన్న తల్లినెవరినైనా రమ్మని జమ్లితో చెప్పు. నేను పాపను ఎత్తుకుని గడప దాటేసరికి అందులో ఒక బిడ్డ నిద్రపోతూ ఉండాలి.

ఎవరూ లేపొద్దు. ఆ బిడ్డ లేచేదాకా మన పాపను ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చుంటాను.

నీ తబిత