మంత్రి వేషం

తమ్ముడిలాంటి బాలకిష్టయ్యకు,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నీ పేరు మీద అమరచింతలో మన నాటకం వేశాం. వేదిక పక్కన కుర్చీలో దండ వేసి నీ ఫోటో పెట్టాం. నీ మంత్రి వేషం నేను కట్టాను.

పదిహేనేళ్ల కింద నాటకం నేర్పిన పంతులు ఆ వేషం నాకే ఇచ్చాడు, రాజు వేషం నీకు. శ్రీరంగాపూర్‌లో మొదటి ఆటకు ముందు నువ్వొచ్చి, నా భుజం మీది కండువా సర్దుతూ, "నీ మొఖంల మోసం లేదన్నా. రాజు వేషమే నీకు సక్కగుంటది" అన్నావు. పొగిడావనుకుని నీతో వేషం మార్చుకున్నాను, ఇంట్లో కూడా చెప్పుకున్నాను. అప్పటినుంచి ఊరూరా రాజు వేషంలో నీ మాటలకు మోసపోయి, కిరీటం తీసి నీ కాళ్ల దగ్గర పెట్టి ఏడ్చాను. ఈలలు మాత్రం నీకే. జనం రాజును చూసి అయ్యో అంటారు గాని, ఇంటికి పోతూ మంత్రి మాటలే చెప్పుకుంటారు.

నిన్న నీలాగే నవ్వాను. అబద్ధమాడే ముందు నీలాగే రాజు కండువా సర్దాను. ఎన్ని ఈలలో.

ఆట అయ్యాక నీ భార్య కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"అచ్చం మా ఆయన లెక్కనే చేసినవన్నా. ఆయన నేర్పిండా?"

నీ ఫోటో మీది దండ మెల్లగా సర్దాను.

"ఆయనకు నేర్పిందే నేను చెల్లె" అన్నాను.

"అట్లనా? నాకెన్నడు చెప్పకపాయె" అని నా కాళ్లకు మొక్కింది.

నువ్వన్నది నిజమే తమ్ముడూ. నా ముఖంలో మోసం కనబడదు.