సబ్బు నురగ

రఫీ అన్నా,

నువ్వు కాలిపోయి ఇవాళ్టికి ఏడాది. తిరువూరులో నువ్వు వంట చేసిన ఆ నాలుగు బల్లల హోటల్ మళ్లీ తెరిచారు. గోడలకు కొత్త రంగేశారు. మధ్యాహ్నం వెళ్లి, నువ్వు కువైట్‌లో నేర్చుకొచ్చిన హమ్మస్ శనగల ముద్ద, కుబూస్ రొట్టె తెప్పించుకున్నాను. మొదటి ముక్క నోట్లో పెట్టగానే వాసన తగిలింది.

“గ్యాస్ లీకవుతోందండి,” అన్నాను.

ఓనరు నవ్వాడు. “అది వెల్లుల్లి చట్నీరా. వెల్డింగ్ చేసుకునేవాడివి, నీకేం తెలుసు?”

వంటగదిలోకి దూరాను. కొత్తగా చేరిన మేరీ అక్క లైటరు పట్టుకుని ఉంది.

“అక్కా, వెలిగించొద్దు!”

నువ్వు రోజూ పొయ్యి వెలిగించే ముందు చేసినట్టే, గిన్నెలు తోమే సబ్బు నురగ పైపుకు రాశాను. ఆఖరి రోజు ఓనరు తొందరపెడితే నువ్వు మానేసిన పని అదొక్కటే. గ్యాస్ కారుతున్న చోట నురగ బుడగలు బుడగలుగా ఉబ్బింది.

“అమ్మో, పొద్దున్నించి దీని మీదే వండాను,” అంది అక్క.

రెగ్యులేటరు కట్టేసి, సిలిండరు మోసుకొచ్చి రోడ్డు మీద పెట్టాను. తింటున్నవాళ్లంతా బయటికొచ్చేశారు.

“రేపు కొత్త పైపు వేయిస్తాలేరా, ముందు దాన్ని లోపల పెట్టు,” అన్నాడు ఓనరు.

నిరుడు నీతోనూ రేపే అన్నాడన్నా.

ఈ ఉత్తరం సిలిండరు మీద కూర్చునే రాస్తున్నాను. నేనెప్పుడు లేస్తానా అని ఓనరు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.