పొడుగు సైకిలు కొనబాక

చిరంజీవి ముత్యాలయ్యను అన్న పోలేరయ్య దీవించి రాసేది. గంగమ్మ దయవల్ల అమ్మా, మీ వదిన చెంచమ్మా కులాసాగా ఉండారు. నువ్వు కూడా వేళకింత తిని ఆరోగ్యంగా ఉండావని తలుస్తాను.

నీ కార్డు అందింది. కావలి తాలూకా కచేరీలో అటెండరు పని ఖాయమైందని విని అమ్మ వీధంతా బెల్లం పంచింది. జవాబు ఆలస్యమైందని కోపగించుకోబాక.

సైకిలు సంగతి అడిగినావు. "నీ మాదిరే ఇరవైనాలుగు అంగుళాల ఫ్రేముది కొంటానన్నా, పొడుగు సైకిలు ఎక్కితేనే మగోడు" అని రాసినావే, నీ తలకాయ్! నువ్వు నాకంటే పొట్టోడివి. నేనే అందక అటూ ఇటూ ఒరుగుతా తొక్కేది నువ్వు చూళ్ళేదా? ఇరవైరెండుది తీసుకో. అంగట్లో సిగ్గుపడబాక. సైకిలు నడిమి బారుకు రెండు పక్కలా కాళ్ళేసి నిలబడు. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాల, బారుకీ నీకూ మధ్య రెండు వేళ్ళన్నా దూరాల. మునివేళ్ళ మీద నిలబడాల్సొస్తే అది నీ సైకిలు కాదు. తర్వాత సీటు మొనకు మోచెయ్యి ఆనించి చెయ్యి చాపు, వేళ్ళు హ్యాండిలుకు తగలాల. తగలకపోతే రోజూ వంగి వంగి నడుము పోతాది. సీటెక్కి కింది పెడలు మీద మడమ పెడితే మోకాలు చక్కగా సాగాల. "కొత్తలో అట్టే ఉంటాది, అలవాటైపోతాది" అంటాడు అంగడాయన. నమ్మబాక. చొక్కా వొదులైతే మళ్ళీ కుట్టించుకుంటాం, సైకిలును ఏం చేస్తాం?

మన పల్లెలో అందరూ పొడుగుదే ఎందుకు కొంటారో నీకు తెలుసు. చేపల గంపలు ఎత్తుగా కట్టొచ్చు. కాళ్ళు అందకపోయినా వెనక ఎవరో ఒకరు పట్టుకుంటే ఎక్కేస్తాం. ఎక్కినాక నెల్లూరు మార్కెట్టు దాకా దిగేది లేదు. దారిలో దిగినోణ్ణి చేతగానోడని ఎగతాళి చేస్తాం. నేనూ ఎంతమందిని చేసినానో.

"నువ్వొచ్చి దగ్గరుండి ఏరి పెట్టన్నా" అన్నావు. రాలేనురా అబ్బయ్యా. ఎట్టా చెప్పాలో తెలీక ఇంతసేపూ సైకిలు కతలు చెప్పినా. రెండు నెలల కింద కాలవకట్ట మీద ఎద్దులబండి ఎదురొచ్చింది. ఆగి పక్కకు దిగితే సరిపోయేది. కాలు చాపినా, నేల అందలా. గంపలతో సహా బండి ముందర పడినా. చక్రం ఎడమకాలి మీదుగా పోయింది. పుండు చీము పట్టి పైకెక్కతా ఉంటే నెల్లూరు పెద్దాసుపత్రిలో మోకాలి పైదాకా కాలు తీసేసినారు. ప్రాణం దక్కింది, సంతోషించమన్నారు. నాకు సంతోషం రాలేదు. చాన్నాళ్ళు గోడవైపు తిరిగి పడుకున్నా. కొత్తగా పనిలో చేరినోడివని నీకు కబురు పంపనీకుండా నేనే ఆపినా.

ఇప్పుడు మీ వదినే గంపలు కట్టుకుని ఆ సైకిలునే నెట్టుకుంటా నెల్లూరికి నడిచిపోతా ఉండాది. చేరేసరికి ఎండెక్కి చేపలు మెత్తబడిపోతా ఉండాయి. ఆమె నన్ను ఒక్క మాట అనదు. అన్నా బాగుండేది.

అమ్మ నా పక్కనే కూర్చోనుండాది. "చిన్నోణ్ణి వచ్చేయమని రాయరా. ఆ సైకిలు వాడు తొక్కతాడు, మనకింత కూడు పెడతాడు" అని పొద్దుట్నించీ ఒకటే పోరు. ఆమె తప్పు లేదు, ఇంట్లో పొయ్యి రోజూ వెలగడం లేదు. నేను అదే రాస్తున్నాననుకుంటా ఉండాది. నువ్వు మాత్రం రాబాక. నీ పొట్టి కాళ్ళతో ఆ కట్ట మీద నిన్ను చూడలేను. కొనే సైకిలుకు కారియరు కూడా బిగించుకోబాక, కారియరు కనబడితే ఏదో ఒక గంప పెట్టాలని అందరికీ బుద్ధి పుడతాది. ఆ కచేరీ పని గట్టిగా పట్టుకో.

"ఏం రాసినావో చదువు" అంది అమ్మ ఇప్పుడే. "తమ్ముడా, వెంటనే బయల్దేరి రా" అని గట్టిగా చదివినా. "ఇంకోసారి చదువు" అంది. చదివినా. కొంగుతో కళ్ళు తుడుచుకుని, నువ్వు పడుకునే చోటు ఊడ్చేదానికి లోపలికి పోయింది.

ఇట్లు,
నీ మేలు కోరే అన్న,
పోలేరయ్య