శవం వేషం నాకే కావాలి

బార్నబీ మాస్టారికి,

మెల్బోర్న్‌లో ముప్పై ఏళ్లు నాటకాలు రాసి, ఆడి, ఇప్పుడు మా గొర్రెల ఊరికొచ్చి హాల్లో అందరికీ నటన నేర్పుతున్నారు. సంతోషం. మీ కొత్త నాటకంలో మా ఆవిడ మెర్ల్‌కి వితంతువు వేషమిచ్చారు. అదీ సంతోషమే. అందులో చచ్చిపోయిన ఆమె మొగుడి వేషం మీరే కడుతున్నారని నిన్ననే తెలిసింది. అందుకే ఈ ఉత్తరం.

రిహార్సల్‌కి ఆడవాళ్లు తలా ఓ పళ్లెం పట్టుకురావడం మా ఊరి ఆనవాయితీ. మెర్ల్ చేసే స్పాంజి కేకు నేరుగా మీ దగ్గరికొస్తోంది. మాడిన అంచులు కోసి నాకు పెడుతోంది.

మొన్న బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, "నువ్వు లేక ఇల్లంతా బోసిపోయింది, బంగారం" అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఎన్నడూ వినని మాట! ఉన్ని కత్తిరించే కత్తెర అక్కడే పడేసి వంటింట్లోకి పరిగెత్తాను.

"ఇక్కడే ఉన్నాగా, మెర్ల్!"

"ఉష్! నీతో కాదు. మా ఆయనతో."

మాస్టారూ, ఆ వేషం నాకిప్పించండి. మీరు తెర పక్కన నిలబడి నేర్పండి చాలు. ఇదే మాట మెర్ల్‌తో అంటే, "నీకు నటన రాదయ్యా" అంది.

"చచ్చినోడికి నటనెందుకే?"

"చివర్లో నీ నుదుటి మీద ముద్దు పెట్టి ఏడవాలి. నువ్వు నవ్వేస్తావు, నాకు తెలుసు."

నవ్వను, మాస్టారూ. ఆ ముద్దు దొరుకుతుందంటే ఎన్ని రిహార్సళ్లయినా కదలకుండా చచ్చి పడుంటాను.

ఇట్లు,
మెర్ల్‌కి బతికున్న మొగుడు