గాలిమరకు బొట్టు

విజయశ్రీ అక్కా,

ఫోన్ చేస్తే అత్తయ్యగారికి వినిపిస్తుందని మెయిల్ రాస్తున్నాను. నువ్వు చాండ్లర్‌కి ఇల్లు మారుతూ మా హాల్లో ఉంచిన గాలిమర పెయింటింగ్ మీద కుంకం పడింది. పడలేదులే, పెట్టారు. నూట యాభై ఏళ్ల నాటిది, జాగ్రత్త అని మరీమరీ చెప్పావు. ఏం చేయను, నాకు అన్నీ చూసుకునే ఓపిక లేదు.

నిన్న ఆయుధపూజ. అత్తయ్యగారు కార్‌కి, మిక్సీకి, నా కుట్టుమిషన్‌కి బొట్లు పెట్టారు. ఏటా అన్నిటికన్నా ముందు మా ఆయన ఆఫీస్ ల్యాప్‌టాప్‌కి పెడతారు. అది రిపేర్‌లో ఉందన్నాను. లేఆఫ్‌లో ఉద్యోగం పోయిన రోజే కంపెనీవాళ్లు దాన్ని వెనక్కి తీసేసుకున్నారని ఆవిడకి చెప్పలేదు. ఆయన రోజూ ఆఫీస్‌కని చెప్పి లైబ్రరీలో కూర్చుంటున్నారు.

ఆవిడ కుంకం పళ్లెం పట్టుకుని హాల్లోకి నడిచారు. గాలిమర రెక్కల మధ్య బొట్టు పెట్టారు.

"అయ్యో, అది బొమ్మ అత్తయ్యా!" అన్నాను.

"తెలుసమ్మా. వాడికి మళ్లీ ఉద్యోగం వచ్చేదాకా ఇంట్లో ఏదో ఒకటి తిరుగుతూ ఉండాలి కదా," అన్నారు.

ఆ బొట్టు ఎలా తుడవాలో చెప్పు అక్కా. ఆయనకి ఆఫర్ వచ్చాక తుడుస్తాను.