మౌసులో ఇనుపబిళ్ళ

ప్రియమైన తమ్ముడికి,

చేత్తో రాయకుండా ప్రింటు తీసి పంపానని మూతి ముడుచుకోకు. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో నేను వాదన మొదలుపెట్టగానే నీ దుకాణంలోకి ఎవరో ఒకరు వచ్చేస్తారు. ఏళ్ళ తరబడి చూస్తున్నాను ఈ నాటకం. కాగితాన్ని మధ్యలో కట్ చేయలేవు.

నాకో మౌసు కావాలి. తేలిగ్గా ఉండాలి. చేతి కింద ఉందో లేదో తెలియనంత తేలిగ్గా. ప్రెస్సు పేజీలు దిద్దడానికీ పనికిరావాలి, ఆటకీ పనికిరావాలి. రెండు వైపులా ఒకేలా ఉండాలి. కంప్యూటర్లు బాగుచేసే తమ్ముణ్ణి ఇంకో ఊళ్ళో పెట్టుకుని ఇక్కడి కొట్టువాడి మాట నేనెందుకు వినాలి? వాడు రంగురంగుల దీపాలు వెలిగే మౌసొకటి చూపించి "మేడమ్, ఇది ప్రొఫెషనల్స్ వాడేది" అన్నాడు. "నేను ముప్పయ్యేళ్ళుగా అదే పనిలో ఉన్నాను నాయనా, నాకెవరూ దీపాలు పెట్టలేదు" అన్నాను. వాడు దాన్ని మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు.

మీ బావ కంప్యూటర్ మీదే పని చేసుకుంటున్నాను. ఆయన పోయాక దాని మీద దుప్పటి కప్పేశాను. ఈమధ్యే తీశాను. తీసిన రోజు నుంచీ ఒక సంగతి జరుగుతోంది. నా వ్యాసాలు చదివేవాళ్ళకి తెలిస్తే నా పరువు గంగలో కలుస్తుంది, అందుకని నీ ఒక్కడికే చెబుతున్నాను. నేను ముట్టుకోకుండానే తెర మీద బాణం కదులుతోంది. వణుక్కుంటూ వణుక్కుంటూ పోయి ఒక మూల ఆగుతోంది. ఆ మూల ఏముందో నీకు తెలుసు. మీ బావ ఆడుకునే తుపాకుల ఆట.

దయ్యాలు లేవంటూ నేనేసిన కరపత్రం నాకే చదివి వినిపించకు. కారణం చెప్పు.

వాదనకు కాచుక్కూచున్న
అక్క

*

ప్రియమైన అక్కకి,

మౌసు అడిగే ఉత్తరంలో కూడా ఒకణ్ణి ఉతికి ఆరేశావు. బావ నీకు పోట్లగిత్త అని ఊరికే పేరు పెట్టలేదు.

ముందు దయ్యం సంగతి. బావ బల్ల మీద అద్దం ఉంది కదా. మౌసు పొట్ట కింద చిన్న దీపం, దాని పక్కన ఒక కన్ను ఉంటాయి. కింది గరుకును చూసుకుంటూ తను ఎటు కదిలిందీ లెక్క కడుతుంది. అద్దం మీద దానికి ఏ ఆనవాలూ దొరకదు. దొరక్కపోతే మనలాగే అదీ లేనిదాన్ని ఊహించుకుంటుంది. మందపాటి గుడ్డ పరిచి చూడు. దయ్యం దిగిపోతుంది.

ఇక మౌసు. తేలికవాటిలో ఒంటినిండా చిల్లులు పెట్టినవి ఉన్నాయి, తేనెపట్టులాగా. బరువు తగ్గుతుంది కానీ చెమటా దుమ్మూ లోపలికి పోతాయి. ఆ చిల్లుల్లోంచి అన్నం మెతుకులు కూడా తీశాను నేను. వైరు లేనిదైతే బ్యాటరీ బరువు కొంచెం ఉంటుంది, కానీ వైరు ఈడ్చే బాధ తప్పుతుంది. నువ్వు రోజంతా పేజీలు పైకీ కిందికీ తిప్పుతావు కాబట్టి చక్రం గట్టిగా ఉండాలి. అయితే రెండు వైపులా ఒకేలా ఎందుకు? నీది కుడి చేతి వాటం. కుడి చేతికని మలిచినవి అరచేతికి బాగా ఒదుగుతాయి.

ఇంకో మాట. ఆటకా? నువ్వా? బావ ఆడుతుంటే వెనక నిలబడి "యుద్ధాన్ని పొట్లం కట్టి అమ్ముతున్నారు, నువ్వు కొంటున్నావు" అని ఆయన వీపుకి ఉపన్యాసం ఇచ్చేదానివి. ఆయన చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని "అవునవును, నువ్వన్నదే నిజం" అనేవాడు. ఒక్క ముక్క వినబడేది కాదు ఆయనకి.

పాత మౌసు పంపు. అరిగిన చోటు చూస్తే చెయ్యి తెలిసిపోతుంది.

నీ బుద్ధిమంతుడైన
తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

గుడ్డ పరిచాను. బాణం నిలబడింది. సైన్సు గెలిచింది, నువ్వూ గెలిచావు, మీసం తిప్పుకో.

రెండు వైపులా ఒకేలా ఎందుకన్నావు. మౌసు బల్లకి ఎడమ పక్కనే ఉంటోంది. అంతకంటే అడగకు. కుర్చీ కూడా మీ బావ వదిలేసిన వంకరలోనే ఉంది, నేను సర్దలేదు. ఎడమ బొత్తాం నొక్కితే కుడి బొత్తాం పని జరుగుతుంది, కుడిది నొక్కితే ఎడమ దాని పని. ఎడమ చేతి వాటం మనిషి కదా, ఆయన తనకు అనువుగా అంతా తిరగేసి పెట్టుకున్నాడు.

ఆట తెరిచాను. తెరవగానే హెడ్‌ఫోన్లో ఒక ఆడగొంతు, "పెద్దాయన వచ్చాడు. ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళావు స్వామీ, నీ కోసం నా డ్యూటీలు మార్చుకుని మరీ చూశాను" అంది. ఆవిడ నర్సట, ఎక్కడో ఉండి నెట్లో ఆయనతో కలిసి ఆడేదట. ఇంకో గొంతు లారీ డ్రైవరుది. "పెద్దాయన అలిగాడులే. పోయినసారి మందుపెట్టె నేను తీసేసుకున్నాగా" అన్నాడు. ఆటలో గాయాలు మాన్పే పెట్టెట అది. మీ బావ ముఖం వాళ్ళెప్పుడూ చూడలేదు. పేరు కూడా తెలియదు. ఆయన పోయిన సంగతి వాళ్ళకి చెప్పేవాళ్ళెవరున్నారు చెప్పు? నేను మైకు తెరవలేదు. ఆయన పేరు మీదే, ఆయన టోపీ పెట్టుకున్న ఆ బొమ్మతోనే, వాళ్ళ వెనకాల నడిచాను. ఆ బొమ్మ భుజం కొంచెం వంచి నడుస్తుంది, ఆయనలాగే. అందరి బొమ్మలూ అలాగే నడుస్తాయని తర్వాత తెలిసింది. తెలిసినా ఉపయోగం లేకపోయింది.

నువ్వు పంపిన వివరాలు చదివితే ఒళ్ళు మండింది. ఆడుకునేవాడి మణికట్టు అలసిపోకూడదని ఒక్కో గ్రామూ చెక్కి చెక్కి తగ్గిస్తారా? మంచిదే. మరి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ప్రెస్సులో కూచుని మౌసు తోసేవాళ్ళ మణికట్టు మణికట్టు కాదా? మాకేమో ఇటుకరాయి లాంటిది చేతిలో పెట్టి, చెయ్యి నొప్పంటే "కాస్త ఆయింట్‌మెంట్ రాసుకోండి మేడమ్" అంటారు. దీని మీద వ్యాసం రాస్తున్నాను, మా ప్రెస్సులోనే అచ్చయ్యే మన పత్రికలో వేస్తాను. మన పత్రిక అంటే నేనూ, నాకు బాకా ఊదే నలుగురూ అని నువ్వు నవ్వుతావు. నవ్వు.

పాత మౌసు పంపుతున్నాను. జాగ్రత్త. ఆయన వేలు ఆనిన చోట రంగు పోయింది, అక్కడ తుడవకు.

మండిపడుతున్న
అక్క

*

ప్రియమైన అక్కకి,

మౌసు అడిగితే మేనిఫెస్టో వచ్చింది. అయినా నీ కోపం ఈసారి తప్పు కాదని చెప్పడానికి ఒక రుజువు దొరికింది, విను.

బావ మౌసు విప్పాను. లోపల ఒక ఇనుపబిళ్ళ ఉంది. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది, మందంగా, స్క్రూతో బిగించి ఉంది. దాని వల్ల ఏ పనీ జరగదు. ఏ తీగా దానికి తగలదు. బరువుంటే ఖరీదైన వస్తువని కొనేవాడు అనుకోవాలని పెడతారు, అంతే. పాపం బావ రోజల్లా దాన్ని మోశాడు. బిళ్ళ తీసేశాను. రంగు పోయిన చోట తుడవలేదు.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఎంతో వెతికి కొత్తదొకటి ఎంచాను. చిల్లుల్లేవు. వైరు లేదు. రెండు వైపులా ఒకటే. నీ పాతదాంట్లో సగం బరువు కూడా ఉండదు. చప్పుడు తక్కువ, కాబట్టి ప్రెస్సులో పక్కవాళ్ళు తిట్టరు. దాంతోపాటు బావదీ, ఆ బిళ్ళా పెట్టి పంపుతున్నాను. బిళ్ళ పారెయ్యి.

కానీ అక్కా, నీ ఉత్తరం మీ మరదలికి చదివి వినిపించాను. అది మధ్యలో లేచి వెళ్ళిపోయింది. మౌసు ఎడమ పక్కన ఉంటోందంటే ఎవరు పెడుతున్నారు? పోయిన మనిషి పేరుతో వాళ్ళ మధ్య తిరగడం ఏమిటి? వాళ్ళకది మోసం, నీకది ఊబి. ఆ ఆట తీసెయ్యి. తీయలేకపోతే చెప్పు, నేనొచ్చి ఆ కంప్యూటర్ తెచ్చేసుకుంటాను, నిన్నూ తెచ్చేసుకుంటాను. మా ఇంట్లో గది ఖాళీగానే ఉంది.

దిగులుగా
తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

మౌసు అందింది. చేతి కింద ఏమీ లేనట్టే ఉంది. నేను అడిగింది ఇదే.

ప్రింటరు మూలపడింది, అందుకే చేత్తో రాస్తున్నాను. ఎక్కువ రాయలేను.

కంప్యూటర్ జోలికి రాకు. ఆ బల్ల ఉంటేనే నేనుంటాను. ఇది బెదిరింపు కాదు, ఉన్నమాట.

అక్క

*

అక్కా,

ప్రియమైన అని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. కవరు దుకాణం బల్ల మీద పడగానే చూశాను. నా పేరు బావ చేతిరాతలో ఉంది.

పొరపాటు పడ్డానేమోనని ఆయన ఎప్పుడో రాసిన ఉత్తరం వెతికి పక్కన పెట్టుకున్నాను. అదే వెనక్కి వాలిన రాత. అదే కొమ్ముల వంపు. తలకట్టు అక్షరానికి తగలకుండా పైన ఎగురుతుంటుంది చూడు, అదీ అలాగే ఉంది. ఒక్కటే తేడా, నీ కాగితం మీద వరసలు మెట్లు దిగినట్టు కిందికి జారిపోయాయి. నీ రాత నాకు తెలియదా? నాకు అక్షరాలు దిద్దించింది నువ్వు. గుండ్రంగా, ముత్యాల్లాగా ఉండేది నీ రాత.

మీ మరదలు ఆ కవరు ఇంట్లోకి తేనివ్వలేదు. నేను దయ్యాల్ని నమ్మను, నువ్వే నమ్మకుండా చేశావు. మరి నమ్మకపోతే మిగిలేది ఒకటే, నీ మనసు చెదిరింది. ఇక్కడ మంచి డాక్టరుతో మాట్లాడాను. ఆదివారం వస్తున్నాను. నిన్ను వెంటబెట్టుకునే తిరిగొస్తాను. తిట్టు, కొట్టు, నా మీద పది వ్యాసాలు రాయి.

తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

నిన్ను ఇంత భయపెట్టినందుకు ముందు నా చెంపలు నేను వాయించుకోవాలి. కానీ ఒక చెయ్యే పనిచేస్తోంది, కాబట్టి ఒక చెంపకే.

నా కుడి చెయ్యి పోయింది. మీ బావ పోయిన కొన్నాళ్ళకి వేళ్ళ కొసలు మొద్దుబారాయి. దుఃఖం అనుకున్నాను. తర్వాత గ్లాసు జారింది, పెన్ను జారింది. మౌసు తోస్తుంటే రాతిబండ తోస్తున్నట్టుండేది. ఇప్పుడది ఒళ్ళో పడి ఉంటుంది, ఎవరిదో చెయ్యి నా దగ్గర మర్చిపోయి వెళ్ళినట్టు. మెడ దగ్గర నరం నలిగిందట. ఏళ్ళ తరబడి ఒకే వైపు వంగి కూచుని, నొప్పిని లెక్కచేయకుండా పని చేసినందువల్లేనన్నాడు డాక్టరు. ఆలస్యమైంది, తిరిగి రాదన్నాడు. ప్రెస్సు మేనేజరుతో పేరు చెప్పకుండా "ఇలాంటివి మనవాళ్ళకి వస్తున్నాయి" అని కదిపాను. "వయసు మేడమ్" అన్నాడు. ముప్పయ్యేళ్ళు వాళ్ళు వాడుకున్న చేతికి రోగం వస్తే అది వయసట. అదే చెయ్యి పేజీలు దిద్ది ఇస్తే అది వాళ్ళ ఆస్తి.

తెలిస్తే ఇంటికి పంపిస్తారు. పత్రిక ఆగిపోతుంది. నువ్వొచ్చి తీసుకెళ్ళి ఖాళీ గదిలో కూచోబెడతావు, ప్రేమగానే కూచోబెడతావు. అందుకే ఎవరికీ తెలియకముందే ఎడమ చేతికి పని నేర్పాలనుకున్నాను. ఎక్కడ నేర్పను? కత్తెర కుడి చేతిది. ప్రెస్సులో బల్లలన్నీ కుడి చేతివి. ఈ లోకం మొత్తం మీద ఎడమ చేతి కోసం సిద్ధంగా ఉన్న చోటు ఒక్కటే కనపడింది. మీ బావ బల్ల. దీపం అటుంది, కుర్చీ అటు తిరిగి ఉంది, బొత్తాలు తిరగేసి ఉన్నాయి. మనిషి వెళ్ళిపోతూ నా కోసం అంతా సర్ది పెట్టినట్టుంది. దుప్పటి అందుకే తీశాను.

ఆట ఎందుకంటావా? పేజీలు దిద్దితే చెయ్యి బద్ధకంగా నేర్చుకుంటుంది. ఎదుటివాడు తుపాకీ పట్టుకొస్తే పరిగెత్తి నేర్చుకుంటుంది. రాతంటావా, ఎడమ చేత్తో అక్షరం ఎటు తిప్పాలో చెప్పేవాళ్ళు లేక, మీ బావ రాసిన పాత చీటీల మీద పల్చటి కాగితం పెట్టి దిద్దుకున్నాను. పాల చీటీ, మందుల చీటీ, "తాళం పక్కింట్లో ఇచ్చాను" అన్న చీటీ. అవే నా బాలశిక్ష. నీకు ఆయన రాతలా కనపడిందంటే నేను పాసైనట్టు.

మోసం అన్నావు. నిన్న అదీ తీరింది. ఆటలో ఒక తలుపు ముందు ఆగాం. నేను దూరిపోయాను. నర్సు మెల్లగా అడిగింది, "మీరు పెద్దాయన కాదు కదండీ?" అని. "పెద్దాయనైతే తలుపు పట్టుకుని మమ్మల్ని ముందు పంపేవాడు. మీరు వచ్చినప్పట్నుంచీ ముందు దూరుతున్నారు. అడుగుదామని రోజూ అనుకుంటాను, ధైర్యం చాల్లేదు" అంది. అంటే ఆవిడకి మొదటి రోజే తెలుసు. తెలిసి కూడా పెద్దాయనా, పెద్దాయనా అని పిలుస్తూనే ఉంది. ఆవిడా ఆయన్ని పోనివ్వలేదన్నమాట.

మైకు తెరిచాను. చెప్పాను. ముగ్గురు బొమ్మలం ఆ గుమ్మంలో అలాగే నిలబడ్డాం. తర్వాత డ్రైవరు గొంతు సవరించుకుని, "మందుపెట్టె మీరే తీసుకోండి అక్కా" అన్నాడు. మళ్ళీ తనే, "మీ కుడి పక్కన తలుపు వెనక ఒకడున్నాడు, ముందు వాణ్ణి చూడండి" అన్నాడు. చూశాను. ఎడమ చేత్తోనే చూశాను.

ఈ సంచిక పేజీలన్నీ ఎడమ చేత్తోనే దిద్దాను. పొద్దున మేనేజరుకి పేజీలూ, డాక్టరు కాగితమూ కలిపే ఇచ్చాను. నా తమ్ముడు నాకు పంపినట్టే ప్రెస్సులో అందరికీ తేలిక మౌసులు ఇవ్వాలనీ, ఇచ్చేదాకా ఊరుకోననీ చెప్పాను. వ్యాసం అచ్చుకెళ్ళింది.

ఆదివారం రా. డాక్టరు కోసం కాదు, కంప్యూటర్ కోసం కాదు. సీసాల మూతలు నాలుగు బిగుసుకుపోయి ఉన్నాయి, అవి తీయడానికి. పని రోజుల్లో బల్ల మీద నువ్వు చెప్పిన గుడ్డ పరిచే ఉంటుంది. ఆదివారం మాత్రం తీసేసి, అద్దం మీద మీ బావ మౌసు పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంటాను. బాణం కదులుతుంది. నువ్వొచ్చేసరికి కదులుతూనే ఉంటుంది. కారణం చెప్పకు. కారణం నాకు తెలుసు.

ఆ ఇనుపబిళ్ళ పారేయమన్నావు. ఎడమ చేత్తో రాసేటప్పుడు కాగితం పట్టుకోవడానికి రెండో చెయ్యి ఉండదని నీకు తట్టలేదు, నాకూ తట్టలేదు. పోయిన ఉత్తరంలో వరసలు జారిపోయింది అందుకే. ఇప్పుడు కాగితం మీద బిళ్ళ పెట్టుకున్నాను. అన్నాళ్ళు ఆయన చేతి కింద ఉన్న బరువు కదా, కదలకుండా పట్టుకుంటోంది. చూడు, ఈసారి వరసలు తిన్నగా వచ్చాయి.

నీ
అక్క